లేక్ మిషిగన్ ఒడ్డున ఇల్లు: స్టీలు గోడ కట్టించాలా, వద్దా?

శ్రీకాంత్, కలామజూ
అందరికీ నమస్కారం. సౌత్ హేవెన్ దగ్గర లేక్ మిషిగన్ ఒడ్డున ఒక పాత ఇల్లు కొనే ఆలోచనలో ఉన్నాం. ఇల్లు ఎత్తైన మట్టిగట్టు మీద ఉంది, కింద కొంచెం ఇసుక. 2020లో నీరు పెరిగినప్పుడు రెండు పక్కలవాళ్లూ స్టీల్ షీట్ పైల్ గోడలు (నేలలోకి దిగగొట్టే స్టీలు రేకుల గోడలు) వేయించుకున్నారు. మధ్యలో ఈ స్థలం ఒక్కటే అలా మిగిలిపోయింది, గట్టు ఇక్కడే ఎక్కువగా కోసుకుపోయింది. నీరు తక్కువగా ఉంది, పని సులువు, ఇప్పుడే వేయించేయండి అని కాంట్రాక్టర్ అంటున్నాడు. మా ఆవిడేమో "బీచ్ కోసమే కదా కొంటున్నాం, గోడ పెడితే బీచ్ ఉంటుందా?" అని అడుగుతోంది. దీని గురించి తెలిసినవాళ్లు చెప్పండి.

వెంకట్, గ్రాండ్ హేవెన్
వేయించండి, ఆలస్యం చేయకండి. 2013 జనవరిలో ఈ సరస్సు నీటిమట్టం రికార్డు స్థాయికి పడిపోయింది. ఇక నీరు రాదని చాలామంది ధీమాగా ఉన్నారు. 2020 జనవరి నుంచి ఆగస్టు వరకు ప్రతి నెలా ఆ నెల గరిష్ఠ నీటిమట్టం పాత రికార్డు బద్దలైంది. తేడా దాదాపు ఆరడుగులు! 2019 డిసెంబర్ 31న మస్కీగన్ కౌంటీలో ఒక ఇల్లు ఇల్లే గట్టు మీద నుంచి నీళ్లలో పడిపోయింది. ఆ చలికాలం ఈ ఒడ్డున ఉన్న మాకెవరికీ సరిగ్గా నిద్ర లేదు. మామూలు హోమ్ ఇన్సూరెన్స్ ఒడ్డు కోతకు పైసా ఇవ్వదు. నీరు పెరిగాక కాంట్రాక్టర్ దొరకడు, దొరికినా అడిగిన రేటు ఇవ్వాలి. బీచ్ గురించి తర్వాత ఆలోచించవచ్చు, ముందు ఇల్లు నిలబడాలి.

మాధవి, సివిల్ ఇంజనీర్, ఆన్ ఆర్బర్
శ్రీకాంత్ గారూ, మీ ఆవిడ అడిగిందే అసలు ప్రశ్న.

ఈ తీరంలో బీచ్‌కి ఇసుక ఎక్కడి నుంచి వస్తుంది? చాలావరకు ఈ గట్లు కోసుకుపోతేనే వస్తుంది. గట్టుకు స్టీలు తొడిగితే ఆ ఇసుక రావడం ఆగిపోతుంది. పైగా నిటారు గోడకు తగిలిన అల శక్తి పోగొట్టుకోకుండా వెనక్కి మళ్లుతుంది, గోడ ముందున్న ఇసుకను తోడేస్తుంది. ఆ ఇసుక కింద మన దగ్గర చాలాచోట్ల మంచుయుగం నాటి బంకమట్టి ఉంటుంది. పోయిన ఇసుక మళ్లీ రావచ్చు. కోతపడిన బంకమట్టి మాత్రం ఎప్పటికీ తిరిగి రాదు. అడుగు లోతయ్యేకొద్దీ ఇంకా పెద్ద అలలు ఒడ్డు దాకా వస్తాయి.

మీ స్థలంలో కోత ఎక్కువగా ఉండడానికి కారణం మీ మాటల్లోనే ఉంది. రెండు గోడల మధ్య ఖాళీ మీదే. గోడ చివర్ల దగ్గర అల తిరిగి పక్క స్థలాన్ని కోస్తుంది. మీరూ గోడ పెడితే మీ వరకు అది ఆగుతుంది. కానీ ఆ మూడు స్థలాల ముందు నీళ్లు ఎక్కువగా ఉన్న ఏడాది నడిచే చోటు ఉండదు. 2005లో గ్లాస్ వర్సెస్ గోకెల్ కేసులో మిషిగన్ సుప్రీం కోర్టు సాధారణ గరిష్ఠ నీటి గుర్తు వరకు ఒడ్డు వెంట నడిచే హక్కు ప్రజలందరికీ ఉందని తేల్చింది. మనం గోడ కట్టుకుని పోగొడుతున్నది మన బీచ్ ఒక్కటే కాదండీ, ఆ దారిన నడిచే అందరిదీ.

ఇంకో సంగతి కాంట్రాక్టర్లు సాధారణంగా చెప్పరు. గట్టు కింద నుంచే కాదు, పై నుంచి కూడా జారుతుంది. వాన నీరు, కరిగిన మంచు మట్టిలోకి ఇంకి, బంకమట్టి పొర మీదుగా ఊటలా బయటికి వస్తుంది. అలా నానిన గట్టు జారితే అడుగున ఎంత గట్టి స్టీలు ఉన్నా ఆపలేదు. ముందు ఇంటి చూరు నీళ్లు ఎటు పోతున్నాయో, లాన్ స్ప్రింక్లర్లు గట్టు అంచున ఉన్నాయేమో చూడండి.

సుధ, కాంటన్
మాది కాకినాడ దగ్గర. ఉప్పాడలో సముద్రపు కోత ఆపడానికి జియోట్యూబ్ గోడ (ఇసుక నింపిన పెద్ద బట్ట గొట్టాలు) వేశారు, తుఫాన్లకు అది దెబ్బతింది. కాకినాడ వెళ్లే బీచ్ రోడ్డు ఎన్నిసార్లు తెగిందో లెక్క లేదు. ఒకచోట ఆపితే పక్క ఊరికి కోత మొదలవుతుందని అక్కడి మత్స్యకారులే చెప్తారు. అందుకే నాకు మాధవి గారి మాటే నచ్చింది.

వెంకట్
సుధ గారూ, అది ఉప్పు సముద్రం, బట్ట సంచుల్లో ఇసుక. ఇది మంచినీరు, స్టీలు. మంచినీటిలో స్టీలు తుప్పు పట్టడం చాలా నెమ్మది, దశాబ్దాలు నిలుస్తుంది. మాధవి గారూ, మీరు చెప్పిందంతా నిజమే అనుకుందాం. మరి శ్రీకాంత్ గారు ఏం చేయాలి? పక్కవాళ్లిద్దరూ గోడలు కట్టుకుని దర్జాగా ఉంటే ఆయన ఒక్కడే ధర్మం కోసం ఇల్లు నీళ్లపాలు చేసుకోవాలా?

మాధవి
అలా ఎందుకంటాను? ఇల్లు వెనక్కి జరపమంటాను. ఈ తీరంలో ఇళ్లను పునాది నుంచి లేపి రోడ్డు వైపు జరిపించుకున్నవాళ్లు ఉన్నారు. కోత ఎక్కువని రాష్ట్రం గుర్తించిన చోట్ల కొత్తగా కట్టే ఇల్లు కదిలించగలిగేదైతే 30 ఏళ్ల కోతకు, కదిలించలేనిదైతే 60 ఏళ్ల కోతకు సరిపడా వెనక్కి ఉండాలని మిషిగన్ నియమమే ఉంది. పాత ఇల్లు అంతకుముందు కట్టి ఉంటారు. కొనకముందే స్థలం రోడ్డు వైపు ఎంత లోతు ఉందో కొలిపించండి.

తుప్పు గురించి వెంకట్ గారు చెప్పింది సరైనదే. అయితే స్టీలు గోడ సాధారణంగా తుప్పుతో పోదు, అడుగు ఖాళీ అయిపోయి ముందుకు వాలుతుంది. గోడను వెనక్కి లాగి పట్టే టై రాడ్లు (స్టీలు కడ్డీలు), వాటిని పట్టుకునే డెడ్‌మ్యాన్ యాంకర్లు (గట్టులో పాతిన దిమ్మలు) ఉన్నాయా, షీట్లు సరస్సు అడుగులోకి ఎంత లోతు దిగాయి, వెనక చేరిన నీరు బయటికి పోవడానికి వీప్ హోల్స్ (చిన్న కన్నాలు), మట్టిని ఆపి నీటిని వదిలే ఫిల్టర్ క్లాత్ ఉన్నాయా, ఇవీ అడగాలి. ఇక్కడి మట్టిలో పెద్ద రాళ్లు ఉంటాయి. షీటు రాయికి తగిలి దిగనంటే కొందరు అక్కడే కోసేసి పైన క్యాప్ బిగించేస్తారు, పైకి అంతా బాగానే కనిపిస్తుంది. షీట్లు దిగగొట్టే హ్యామర్ అదురుకు బలహీనమైన గట్టు జారే ప్రమాదమూ ఉంది. పని మొదలుపెట్టే ముందు ఈగిల్ (మిషిగన్ రాష్ట్ర పర్యావరణ శాఖ) అనుమతి, ఆర్మీ కోర్ (అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం) అనుమతి ఉండాల్సిందే.

శ్రీకాంత్
చాలా థాంక్స్ అండీ. రోడ్డు వైపు సుమారు 140 అడుగులు ఖాళీ ఉంది, కానీ సెప్టిక్ ట్యాంక్ అక్కడే ఉంది.

మాధవి
సెప్టిక్ మార్చుకోవచ్చు, కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్ అనుమతి కావాలి. ఆ ఖర్చు, ఇల్లు జరిపే ఖర్చు, గోడ ఖర్చు మూడూ రాయించి పక్కపక్కన పెట్టి చూడండి. గోడ వేశాక దాని ముందు ఇసుక పోస్తూ ఉండే ఖర్చు కూడా అందులో కలపండి. ఇదే తీరంలోని సెయింట్ జోసెఫ్ ఊరి దగ్గర హార్బర్ కట్టడాలు ఒడ్డు వెంట కదిలే ఇసుకను ఆపేస్తున్నాయని ఆర్మీ కోర్ 1970ల నుంచి దక్షిణం వైపు ఇసుక తెచ్చి పోస్తోంది, ఇంకా ఆ పని అయిపోలేదు.

వెంకట్
140 అడుగులు ఉంటే జరపమనే నేనూ అంటాను. మా వెనక 20 అడుగులే, తర్వాత రోడ్డు. మాలాంటివాళ్లకు స్టీలు తప్ప వేరే దారి లేదు. ఆ మాట కూడా ఇక్కడ ఉండాలి.

మాధవి
ఒప్పుకుంటాను వెంకట్ గారూ. మీ గోడ చివర్లు పక్క స్థలం వైపు ఎలా ముగిశాయో ఒకసారి ఫొటో పెట్టండి, చూసి చెప్తాను.