బస్సు ప్రమాదం తర్వాత జడుపు వదలడం లేదు: యోగాకు పంపాలా, డాక్టరుకు చూపించాలా?

ఉలవపాడు అన్న
అందరికీ నమస్కారం. మా చెల్లెలి గురించి అడుగుతున్నాను, తెలిసినవాళ్ళు చెప్పండి.

ఎనిమిది నెలల క్రితం ఒంగోలు నుంచి వస్తుంటే హైవే మీద వాళ్ళ బస్సును వెనక నుంచి లారీ గుద్దింది. చెల్లెలికి చెయ్యి విరిగింది. పక్క సీటులోని పెద్దావిడ చనిపోయింది. సాయం వచ్చేదాకా ఆ పెద్దావిడ తల మా చెల్లెలి ఒళ్ళోనే ఉంది.

చెయ్యి అతికింది గానీ మనిషి మామూలు కాలేదు. లారీ హారన్ వినపడితే చేతిలో గిన్నె జారిపోతుంది. రాత్రి రెండింటికి లేచి కూర్చుంటుంది. బస్సు ఎక్కదు. కుట్టు మిషన్ మీద గుడ్డ కప్పేసింది, మళ్ళీ తీయలేదు.

అమ్మ జడుసుకుందని ఏ.ఎస్.పేట దర్గాకు తీసుకుపోయింది. బావ యోగా క్లాసులో చేర్పించాడు. మూడో రోజు శవాసనంలో లైట్లు తీసేసి, అందరినీ కళ్ళు మూసుకోమన్నారట. భుజాలు బిగబట్టి ఉందని సారు తల వైపు నుంచి వచ్చి రెండు చేతులతో నొక్కాడు. అంతే, కేక పెట్టి లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి వచ్చేసింది. "మనసు నిలపడం రావట్లేదు, నెల రోజులు పట్టుబట్టి వస్తే సర్దుకుంటుంది" అన్నాడు సారు. బావ కూడా అదే మాట మీద ఉన్నాడు. నేను డాక్టర్ దగ్గరికి పోదామంటున్నాను. చెల్లెలు రెండూ వద్దంటుంది.

యోగా ఇలాంటిదానికి పనిచేస్తుందా, లేక మేమే ఇంకా చెడగొడుతున్నామా?

కావలి యోగా మేడం
తమ్ముడూ, పందొమ్మిదేళ్ళుగా యోగా నేర్పుతున్నాను. ముందుగా మా వృత్తి తరఫున మీ చెల్లెలికి క్షమాపణ చెబుతున్నాను. అలాంటి దెబ్బ తిన్న మనిషిని చీకట్లో, చెప్పకుండా, వెనక నుంచి తాకకూడదు. నాకూ ఇది మొదట్లో తెలియదు. నేను కూడా ఎంతోమంది భుజాలు నొక్కాను.

కానీ ఆ ఒక్క సంఘటనతో యోగానే వదిలేయకండి. భయం మాటల్లో కంటే ఒంట్లో ఎక్కువ ఉంటుంది. హారన్ వినగానే గుండె దడదడలాడటం, దవడ బిగుసుకోవడం, ఊపిరి పైపైనే ఆడటం, ఇవన్నీ ఆలోచనకంటే ముందే జరిగిపోతాయి. ఊపిరి వదలడాన్ని పీల్చడంకంటే పొడుగ్గా చేస్తే గుండె వేగం తగ్గుతుంది. ఒంటి వైపు నుంచి భయాన్ని దించే దారి అది.

ఇది నా నమ్మకం మాత్రమే కాదు. అమెరికాలో బోస్టన్ దగ్గర బెసెల్ వాన్ డెర్ కోల్క్ అనే సైకియాట్రిస్టు బృందం 2014లో ఒక అధ్యయనం ప్రచురించింది. చికిత్స తీసుకున్నా పీటీఎస్‌డీ (పెద్ద దెబ్బ తగిలాక మనసును వదలని భయం జబ్బు) తగ్గని 64 మంది ఆడవాళ్ళను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు వారానికి గంట చొప్పున పది వారాలు యోగా నేర్పారు. చివరిదాకా ఉన్న 31 మందిలో 16 మందికి, మళ్ళీ పరీక్షిస్తే, ఆ జబ్బు ఉందని చెప్పేంత లక్షణాలు లేవు. ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్న గుంపులో 29 మందికి ఆరుగురే. అక్కడ నేర్పే పద్ధతి వేరు. టీచర్ ఎవరినీ తాకరు. "చెయ్యి పైకెత్తండి" అనరు, "ఇష్టమైతే ఎత్తి చూడండి" అంటారు.

ఒంగోలు కౌన్సెలర్
అక్కా, మీరు చెప్పిన లెక్క సరైనదే. కానీ దాన్ని చదివి ఎవరైనా డాక్టరును మానేస్తారేమోనని నా భయం. ఆ ఆడవాళ్ళకు యోగా చికిత్సకు తోడుగా ఇచ్చారు, చికిత్స బదులు కాదు. పైగా అరవై చిల్లర మంది. సునామీ తర్వాత అండమాన్‌లో 47 మందికి వారం రోజులు యోగా నేర్పితే భయం, నిద్రలేమి తగ్గాయని 2007లో రాశారు. నాగపట్నం శిబిరాల్లో 183 మందితో శ్వాస పద్ధతుల మీద చేసిన పని 2010లో వచ్చింది, ఫలితం బాగుంది. కాకపోతే అక్కడ ఎవరు ఏ గుంపులో ఉండాలో చీటీ వేసి కాకుండా శిబిరాన్నిబట్టి నిర్ణయించారు. ఆశ పెట్టుకోవచ్చు, అంతకుమించి బరువు మోపలేం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే పీటీఎస్‌డీకి రెండు పద్ధతులు సిఫారసు చేసింది. జరిగినదాన్ని కొద్దికొద్దిగా, భద్రంగా ఎదుర్కొనేలా చేసే సీబీటీ ఒకటి. ఆ జ్ఞాపకాన్ని తలచుకుంటూ కంటి కదలికలతో చేసే ఈఎండీఆర్ ఇంకొకటి. అన్నా, మీరు చెప్పినవి పీటీఎస్‌డీ లక్షణాల్లాగే ఉన్నాయి, కానీ తేల్చాల్సింది చూసిన డాక్టరే. ఎనిమిది నెలలంటే ఇక ఆగకూడదు. ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్)లో సైకియాట్రీ ఓపీ ఉంది. అంతదూరం రానంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయించండి. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇంకొక మాట. 2025లో ప్రభుత్వం నడిపిన యోగాంధ్ర పుణ్యమా అని ఊరూరా చాపలు పరిచారు, సంతోషమే. అది అందరి కోసం చేసిన కార్యక్రమం, ఇలాంటి దెబ్బ తిన్నవాళ్ళ కోసం ప్రత్యేకంగా చేసింది కాదు. అదే క్లాసులో మీ చెల్లెల్ని కూర్చోబెట్టి భస్త్రిక చేయిస్తే, ఆ వేగం ఊపిరికి కళ్ళు తిరిగి, గుండె దడ వచ్చి, ప్రమాదం మళ్ళీ జరుగుతున్నట్టే అనిపించవచ్చు.

కావలి యోగా మేడం
భస్త్రిక, కపాలభాతి ఇలాంటివాళ్ళకు వద్దే వద్దు, ఒప్పుకుంటాను. కానీ తమ్ముడూ, డాక్టరు దగ్గరికి రానంటున్న మనిషిని ఏం చేస్తారు? పిచ్చి అంటగడతారని మన ఊళ్ళలో ఆడపిల్లలు ఆ గుమ్మం తొక్కరు. యోగాకు వెళ్ళొచ్చానని మాత్రం ధైర్యంగా చెప్పుకుంటారు. ముందు ఈ తలుపు తెరుచుకుంటే తర్వాత ఆ తలుపూ తెరుచుకుంటుంది. నా దగ్గరికి వచ్చిన ఇద్దరిని అలాగే డాక్టరు దాకా తీసుకెళ్ళాను.

ఒంగోలు కౌన్సెలర్
మీలాంటి టీచరైతే తలుపే. మూడో రోజు భుజాలు నొక్కిన సారైతే గోడ. ఏది దొరుకుతుందో చేరేముందు ఎవరికి తెలుస్తుంది? నా అభ్యంతరమంతా అక్కడే.

పట్టపుపాళెం
నేను చదువుకున్నవాణ్ణి కాదు, చూసింది చెబుతాను. 2004 డిసెంబర్ 26 ఆదివారం. నాకు పదకొండేళ్ళు. నీళ్ళు ఇళ్ళ మీదికి వచ్చినప్పుడు మా నాయన నన్ను చెట్టు మీదికి విసిరినట్టు ఎక్కించాడు. నాయన బతికాడు, మా పిన్ని పోయింది.

తర్వాత ఎవరో మంచి మనసుతోనే వచ్చి, పిల్లలందరినీ బడి ఆవరణలో వెల్లకిలా పడుకోబెట్టి కళ్ళు మూసుకోమనేవాళ్ళు. చెవి నేలకు ఆనితే నాకు సముద్రం రొద పెద్దదయ్యేది. ఒక కన్ను మూసి, ఇంకో కన్ను తూర్పుకు తెరిచి పెట్టుకునేవాణ్ణి. కళ్ళు మూస్తే నీళ్ళు వస్తే ఎవరు చూస్తారు?

తర్వాత వచ్చిన ఒక అక్క మాత్రం "ఎట్టా కూర్చుంటావు?" అని అడిగింది. ఆ మాట ఎవరూ అడగలా. ఒడ్డుకు లాగిన పడవ మీద సముద్రం కనపడేట్టు కూర్చుంటానన్నా. సరే అంది. కళ్ళు తెరుచుకునే, నోరు మూసి, ఊపిరి ఉన్నంతసేపు తుమ్మెదలాగా మ్‌మ్ అనమంది. రొమ్ములో అదురు తెలిసేది. ఆ అదురు ఉన్నంతసేపు అల రొద వెనక్కి పోయేది. ఇప్పటికీ పడవ అలలు దాటేముందు అలాగే అంటా. నా పక్కనుండేవాళ్ళకు అలవాటైపోయింది.

యోగా మంచిదా చెడ్డదా నాకు తెలియదు. ఆ అక్క అడిగింది, ముందువాళ్ళు అడగలేదు.

కొండపి రైతు భార్య
2015లో పొగాకుకు ధర లేనప్పుడు నా భర్త పోయాడు. అప్పులవాళ్ళు వాకిట్లో కూర్చుని ఉంటే ప్రాణాయామం చేయమని చెప్పినవాళ్ళున్నారు. నాకు నిద్ర పట్టింది అప్పు ఒక దారికి వచ్చాకే. అన్నా, మీ చెల్లెలికి ప్రమాద పరిహారం కేసు వేశారా? ఆ మిషన్ పని ఆగితే ఇల్లెట్టా గడుస్తుంది? అది కూడా చూడండి. దిగులు సగం అందులో కూడా ఉంటుంది.

ఉలవపాడు అన్న
కేసు వేశాము అక్కా, నడుస్తోంది.

మీ మాటలన్నీ నిన్న రాత్రి చెల్లెలికి చదివి వినిపించాను. పట్టపుపాళెం తమ్ముడి దగ్గర ఆపమంది. ఒక కన్ను తెరిచి పెట్టుకున్నాననే మాట మళ్ళీ చదవమంది. "నేనూ అంతే, తలుపు వైపు తిరిగి పడుకుంటా" అంది. ఎనిమిది నెలల్లో తనంతట తను చెప్పిన మొదటి మాట అది. మేమంతా ఏం చేయాలో చెప్పామే గానీ, ఎట్లా ఉంటే నీకు బాగుంటుందని అడగలేదు.

పొద్దున 14416కు తనే ఫోన్ చేసింది. నన్ను బయటికి పొమ్మంది. ఇరవై నిమిషాలు మాట్లాడింది. వచ్చే వారం ఒంగోలు ఓపీకి వస్తానంది. బావ కూడా వస్తానన్నాడు.

మేడం, మీకు ఒక మాట అడగమంది. చాప మీద కాకుండా కుర్చీలో, తలుపు దగ్గర కూర్చోవచ్చా?

కావలి యోగా మేడం
తప్పకుండా. ఆదివారం ఏడింటికి రండి, ఇద్దరమే ఉంటాం. తలుపు తెరిచే ఉంటుంది, లైట్లు తీయను. నేను ఎదురుగా కూర్చుంటాను, వెనక తిరగను. చెప్పులు విప్పక్కర్లేదని చెప్పండి.

ఉలవపాడు అన్న
చెప్పాను. రైలుకు వస్తాం.