గోరంత మ్యాండరిన్ చేప పిల్లలు: పెట్టెలో పెంచాలా, నేరుగా ట్యాంకులో వదలాలా?

పగడాలతోట

అందరికీ నమస్కారం. మా రీఫ్ ట్యాంక్ (పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంక్) మొదలుపెట్టి ఏడాది దాటింది. లైవ్ రాక్ (సూక్ష్మజీవులు నిండిన రాయి) బాగా కుదురుకుంది, కింది ఫిల్టర్ తొట్టి అయిన సంప్‌లో కీటోమార్ఫా నాచు గుబురుగా పెరుగుతోంది. మ్యాండరిన్ చేప పెంచాలని ఎప్పటినుంచో కోరిక. కానీ సముద్రంలో పట్టి తెచ్చినవి మేత ముట్టక చిక్కిపోయి చనిపోతాయని విని ఇన్నాళ్లూ ఆగాను. ఇప్పుడు హేచరీలో పుట్టిన పిల్లలు రెండు దొరుకుతున్నాయి. ఒక్కోటి రెండు సెంటీమీటర్లు కూడా లేదు. ఫ్రోజెన్ మేత తింటాయని అమ్మేవాళ్లు చెప్తున్నారు.

నా ట్యాంకులో ఒక క్లౌన్ జంట, ఒక రాయల్ గ్రామా, ఒక సిక్స్‌లైన్ వ్రాస్ అనే చేపలున్నాయి. పిల్లల్ని నేరుగా వదలొచ్చా? రోజుకు ఎన్నిసార్లు మేత వేయాలి? ఇంత చిన్న చేప ఆకలితో ఉందో లేదో ఎలా తెలుస్తుంది? పెంచినవాళ్లు చెప్పండి, తొందరేమీ లేదు. సిద్ధమయ్యాకే తెచ్చుకుంటాను.

నీటిమట్టం

పగడాలతోట గారూ, అంత చిన్న పిల్లలైతే పెట్టెలోనే మొదలుపెట్టండి. మ్యాండరిన్ ఒక్కసారి కడుపు నింపుకుని రోజంతా ఊరుకునే చేప కాదు. పగలంతా రాతి మీద మెల్లగా పాకుతూ, ఆగి, కళ్లు అటూ ఇటూ తిప్పి చూసి, ఒక్కొక్క కోపెపాడ్‌నే (చుక్కంత నీటి జీవి, పాడ్ అని కూడా అంటాం) ఏరుకుని తింటుంది. పెద్ద చేప ఒంట్లో కాస్త నిల్వ ఉంటుంది కాబట్టి ఒకటి రెండు రోజులు తిండి తగ్గినా తట్టుకుంటుంది. పిల్లకు ఆ నిల్వ లేదు. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఏదో ఒకటి నోటికి అందుతూనే ఉండాలి.

ఫ్రోజెన్ తింటుందన్న మాట నిజమే అయి ఉంటుంది. అయితే హేచరీలో మేత రోజుకు చాలాసార్లు పడుతుంది. పోటీకి వచ్చే చేపలుండవు. నీళ్లు నెమ్మదిగా కదులుతాయి, మేత ముక్క అడుగున పడి దాని కళ్లముందే ఉంటుంది. మీ ట్యాంకులో అదే ముక్క పంపు ధాటికి కొట్టుకుపోతుంది, లేదా మీ క్లౌన్ ఒక్క గుటకలో మింగేస్తుంది. తినడం వచ్చిన చేప కూడా అందక పస్తుంటుంది. ఈ పిల్లలు చనిపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఇదే.

పెట్టె అంటే ట్యాంక్ అద్దానికి తగిలించే బ్రీడర్ బాక్స్ చాలు. నీళ్లు ట్యాంకువే తిరుగుతుంటాయి కాబట్టి వేడి, ఉప్పు తేడా రావు. అడుగున ఇసుక వద్దు. గుప్పెడు లైవ్ రాక్ ముక్కలు, కాస్త కీటోమార్ఫా వేయండి, దాక్కోవడానికీ పాడ్లు నిలవడానికీ పనికొస్తాయి. నీళ్లు బయటికి పోయే చోట సన్న జాలీ గానీ స్పాంజ్ గానీ పెట్టండి. మేత వేసినప్పుడు నీటి ప్రవాహం అరగంట ఆపండి. మళ్లీ ఆన్ చేయడం మరిచిపోకుండా టైమర్ పెట్టుకోవడం మేలు, ఎందుకంటే అంత చిన్న పెట్టెలో ఆక్సిజన్ త్వరగా తగ్గుతుంది.

రోజుకు కనీసం నాలుగైదు సార్లు మేత వేయాలి. పొద్దున, రాత్రి మాత్రమే వీలయ్యేవాళ్లు కాస్త పెద్ద పిల్ల దొరికేదాకా ఆగడమే మంచిదని నా అభిప్రాయం.

నీలిరెక్క

నా అనుభవం వేరుగా ఉంది. నేను పెట్టె వాడలేదు. నా ట్యాంక్ చాలా ఏళ్లది, పాడ్లు తినే వేరే చేప ఒక్కటీ లేదు, రెఫ్యూజియం (పాడ్లు, నాచు పెరిగే వేరే గది) పెద్దది. లైట్లు ఆరిపోయాక పిల్లను రాతి అడుగున వదిలాను. మొదట్లో కనబడేదే కాదు. ఆ తర్వాత రోజూ ఒకే రాతి అంచున మేస్తూ కనబడసాగింది, కడుపు గుండ్రంగానే ఉండేది. ఇప్పుడు పూర్తిగా ఎదిగింది. పెట్టెలో మేత ముక్కు ముందుకే వస్తుంటే, రాళ్లలో వెతుక్కునే అలవాటు పోతుందేమోనని నా సందేహం.

నీటిమట్టం

నీలిరెక్క గారూ, మీ ట్యాంక్ లాంటిదైతే నేనూ నేరుగానే వదులుతాను. కానీ పగడాలతోట గారి ట్యాంకులో సిక్స్‌లైన్ ఉంది, తేడా అంతా అక్కడే. అది పగలంతా పాడ్లనే ఏరుకుంటుంది, పైగా కొత్తగా వచ్చిన చిన్న చేపను వెంటాడుతుంది. ఇక వెతుక్కునే అలవాటు సంగతి. పెట్టెలో రాతి ముక్కలు, బతికున్న పాడ్లు ఉంటే ఆ అలవాటు పోదు. వేసిన మేత అయిపోయాక పిల్ల మళ్లీ రాతి మీదికి వెళ్లి వెతకడం మీరే చూస్తారు.

ఉప్పునీటిచుక్క

సిక్స్‌లైన్‌ను ముందే వేరే ట్యాంకుకు మార్చండి. ఇందులో మధ్యేమార్గం నాకు కనబడలేదు. స్కూటర్ బ్లెనీ, పైప్‌ఫిష్ లాంటి చేపలు ఉన్నా అదే తంటా, అందరి కంచంలోదీ ఒకే మేత.

చేపల కంటే ప్రమాదకరమైనవి ఇంకొన్ని ఉంటాయి. కార్పెట్ ఎనిమోన్ (కుట్టి చేపల్ని పట్టే మెత్తటి సముద్రజీవి) ఉంటే ఇంత చిన్న మ్యాండరిన్‌ను తేవొద్దు. ఎలిగెన్స్ కోరల్, సినరీనా లాంటి కండగల పగడాల మీద నుంచి పిల్ల పాకుతూ వెళ్తే అంటుకుపోవచ్చు. కోరల్ బ్యాండెడ్ ష్రింప్ రాత్రిపూట పట్టుకుంటుంది. పంపు లాగే చోట, నీళ్లు సంప్‌లోకి జారే ఓవర్‌ఫ్లో పళ్ల దగ్గర స్పాంజ్ గానీ జాలీ గానీ తప్పనిసరి.

ఆర్టీమియాడబ్బా

మేత గురించి నేను రాస్తాను. పిల్లలకు మొదటి మేత అప్పుడే పొదిగిన బేబీ బ్రైన్, అంటే ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి రొయ్య పిల్లలు. కదులుతుంటాయి, నారింజ రంగులో కనబడతాయి. ఏమీ ముట్టని మ్యాండరిన్ కూడా వీటిని చూసి కదులుతుంది.

పొదిగించడం కష్టమేమీ కాదు. ఉప్పునీళ్లు, 26 నుంచి 28 డిగ్రీల వేడి, అడుగు నుంచి గట్టిగా గాలి, పైన లైటు ఉంటే ఒక రోజు అటూ ఇటూగా పొదుగుతాయి. గాలి ఆపి అడుగున లైటు పెడితే పిల్లలు కిందికి చేరతాయి, పెంకులు పైకి తేలతాయి. ఆ పెంకులు చేపకు అరగవు, అంత చిన్న పేగులో అడ్డం పడే ప్రమాదం ఉంది. అందుకే పెంకు తీసిన గుడ్లు వాడడం నాకు ఇష్టం. ఏ గుడ్లయినా సన్న జల్లెడలో పట్టి, శుభ్రంగా కడిగాకే వేయాలి. పొదిగించిన నీళ్లను ట్యాంకులో పోయొద్దు.

చాలామంది పట్టించుకోని విషయం వయసు. అప్పుడే పొదిగిన ఆర్టీమియా పిల్ల ఒంట్లోని పచ్చసొన మీదే బతుకుతుంది. చేపకు బలం ఇచ్చేది ఆ పచ్చసొనే. గంటలు గడిచేకొద్దీ అది కరిగిపోతుంది. ఒకసారి కుబుసం విడిచాక గానీ దానికి తినడానికి నోరు తెరుచుకోదు. అంటే వెంటనే వాడాలి, లేదా కుబుసం విడిచాక సెల్కాన్ లాంటి కొవ్వు ఆమ్లాల ద్రావణమో, ఫైటోప్లాంక్టనో (నీటిలో తేలే సూక్ష్మ నాచు) తినిపించి వాడాలి. పొదిగిన వెంటనే ఫ్రిజ్‌లో పెడితే ఆ పచ్చసొన నెమ్మదిగా ఖర్చవుతుంది. నేను పొద్దున పట్టినవాటిని చిన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రం దాకా కొద్దికొద్దిగా వాడతాను. ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు ఇంట్లో ఎవరైనా పిపెట్‌తో నాలుగు చుక్కలు వేస్తే చాలు.

ఇంకో హెచ్చరిక. రోజూ బేబీ బ్రైన్ పడే పెట్టెలో హైడ్రాయిడ్లు పుట్టుకొస్తాయి. సన్నటి దారాల్లా గోడలకు అంటుకుని ఉంటాయి, కుడతాయి. ఇంత చిన్న చేపకు ఆ కాటు తట్టుకోవడం కష్టం. కనబడగానే పిల్లను వేరే పెట్టెలోకి మార్చి, మొదటిదాన్ని వేడినీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. మిగిలిన మేతను రోజూ గాలి గొట్టంతో పీల్చి తీసేయండి.

పగడాలతోట

చాలా ధన్యవాదాలు. సిక్స్‌లైన్‌ను స్నేహితుడి ట్యాంకుకు పంపడానికి మాట్లాడాను. రెండు ప్రశ్నలు. మిగతా చేపల్లాగే వీటినీ రాగి మందులో క్వారంటైన్ చేయాలా? పాడ్లు కొనాలంటే ఏ రకం తీసుకోవాలి?

ఉప్పునీటిచుక్క

రాగి వద్దు. మ్యాండరిన్‌కు పొలుసులుండవు, ఒంటి నిండా మందంగా జిగురు ఉంటుంది. ఆ జిగురుకు దుర్వాసన, చేదు ఉండబట్టే చాలా చేపలు దాన్ని నోట పెట్టుకోవు. తెల్లమచ్చల రోగం కూడా మిగతావాటి కంటే తక్కువగా పడుతుంది. అసలు పట్టదని మాత్రం అనుకోవద్దు. హేచరీ పిల్లలు నేరుగా హేచరీ నుంచే వస్తే, వేరే చేపల నీళ్లు కలవకపోతే, పెట్టెలో పెట్టి కనిపెట్టుకుని ఉండడమే నేను చేసేది.

సంప్‌లోసంప్

పాడ్లలో టిస్బే తీసుకోండి. చిన్నవి, రాళ్ల సందుల్లో ఉంటాయి, వెచ్చటి నీళ్లలో బాగా పెరుగుతాయి, పిల్ల నోటికి సరిపోతాయి. అపోసైక్లాప్స్ కూడా మంచివే. టిగ్రియోపస్ ఎర్రగా, పెద్దగా ఉంటుంది. చేప ఎగబడి తింటుంది గానీ రీఫ్ ట్యాంకులో సంతతి నిలవడం తక్కువ. దాన్ని మేతగా చూడండి, విత్తనంగా కాదు.

వేసేటప్పుడు లైట్లు, పంపులు ఆపి రాతి అడుగున వదలండి. వారం ముందు నుంచే వేయడం మొదలుపెట్టి, ఐసోక్రైసిస్, టెట్రాసెల్మిస్ లాంటి ఫైటో కొద్దిగా పోస్తూ ఉండండి. ఫిల్టర్ సాక్ (నీళ్లు వడగట్టే సంచి) ఉంటే తీసేయండి, పాడ్లను పట్టేస్తుంది. రాత్రి లైట్లు ఆరిన కాసేపటికి టార్చ్ వేసి అద్దం చూడండి. తెల్లటి చుక్కలు పరుగెడుతూ కనబడితే ట్యాంక్ సిద్ధం. పగలు కూడా కనబడితే ఇంకా సంతోషం.

నీలిరెక్క

హేచరీ పిల్లల గురించి నాకు ఎంతో గౌరవం, అందుకే ఒక మాట. వీటి గుడ్లు నీటిలో తేలతాయి. పొద్దువాలే వేళ జంట పక్కపక్కనే ఆనుకుని పైకి లేచి గుడ్లు వదులుతుంది. ఒక రోజు లోపే పొదుగుతాయి. లార్వాకు అప్పటికి నోరు కూడా ఏర్పడి ఉండదు. తర్వాత దానికి సరిపోయేంత చిన్న జీవాల్ని వేళకు అందించాలి. అమెరికాలోని ఓ.ఆర్.ఏ. హేచరీ 2010లో వీటిని అమ్మకానికి తేవడం అందుకే పెద్ద విశేషమైంది. మన చేతికి వచ్చే ప్రతి పిల్ల వెనుక అంత శ్రమ ఉంది.

ఆ నీలం రంగు గురించి కూడా చెప్పాలి. చాలా చేపల్లో నీలం కాంతి చెదరడం వల్ల కనబడేదే. మ్యాండరిన్‌లో మాత్రం నిజంగానే నీలి వర్ణకం ఉన్న కణాలున్నాయని 1995లో జపాన్ పరిశోధకులు రాశారు. జంతువుల్లో ఇది చాలా అరుదు. నాకైతే ఆ చేపను చూసినప్పుడల్లా ఆ విషయం గుర్తొస్తుంది.

పగడాలతోట

పిల్లలు వచ్చాయి. ట్యాంకు నీళ్ల వేడికి, ఉప్పుకు మెల్లగా అలవాటు చేసి పెట్టెలో వదిలాను. సాయంత్రానికే బేబీ బ్రైన్‌ను ఏరుకోవడం చూశాను, ఎంత ఆనందమైందో చెప్పలేను. పెద్దది ఇప్పుడు ఫ్రోజెన్ సైక్లాప్స్ (గడ్డకట్టించిన చిన్న పాడ్లు) కూడా తింటోంది. రెండోది టెన్షన్ పెడుతోంది. తింటోంది, కానీ సన్నగానే ఉంది. పెద్దది దగ్గరికి వస్తే రాతి వెనక్కి పోతోంది. కడుపు ఎలా చూడాలో ఎవరైనా వివరంగా చెప్పగలరా?

నీటిమట్టం

పైనుంచి చూస్తే తెలియదు. తల వెడల్పు కాబట్టి చిక్కిన చేప కూడా పైనుంచి బాగానే కనబడుతుంది. అద్దానికి అతుక్కున్నప్పుడు కింద నుంచి, ఎదురుగా చూడండి. రెక్కల మధ్య కడుపు బయటికి ఉబ్బి ఉండాలి. మేత వేసిన గంటకు గుండ్రంగా ఉండి, తర్వాతి మేత వేళకు చదునైతే ఫర్వాలేదు, మేత వేళలు కాస్త దగ్గర చేయండి. లోపలికి గుంటపడితే, తల వెనుక ఒళ్లు ఒక్కసారిగా సన్నబడితే, తోక వైపు ఎముక గీత కనబడితే అది వెనకబడినట్టే. అప్పుడు ఫ్రోజెన్ అలవాటు చేసే ప్రయత్నం పక్కన పెట్టి, బతికున్న మేతే ఇవ్వండి.

ముందు రెండింటినీ విడదీయండి. పెట్టె మధ్యలో రంధ్రాలున్న పలక పెడితే చాలు. భయం లేకుండా తినే చేప త్వరగా కోలుకుంటుంది.

ఆర్టీమియాడబ్బా

చిన్నదానికి బేబీ బ్రైన్‌తో పాటు టిస్బే కూడా పెట్టెలోనే వేయండి, రాత్రి మిగిలిన పాడ్లు తెల్లవారుజామున దానికి దొరుకుతాయి. కడుపు నిండాక ఫ్రోజెన్ అలవాటు చేయడం సులువు. బతికున్నవాటిలో కొద్దిగా ఫ్రోజెన్ బేబీ బ్రైన్ కలపండి, రోజురోజుకీ ఫ్రోజెన్ వాటా పెంచండి. తర్వాత ఫ్రోజెన్ రొయ్య గుడ్లు, సైక్లాప్స్. సన్న పెల్లెట్లు తినడం నేర్చిందంటే మీకు చాలా శ్రమ తగ్గినట్టే. మేత ఎప్పుడూ ఒకే మూలలో, ఒకే చిన్న గిన్నెలో వేయండి. ఆ చోటు దానికి గుర్తుంటుంది, తర్వాత అదే గిన్నెను పెద్ద ట్యాంకులోనూ వాడొచ్చు.

పగడాలతోట

పలక పెట్టాను. చిన్నదాని కడుపు ఇప్పుడు గుండ్రంగా ఉంది, రాతి ముందుకే వచ్చి తింటోంది! పెద్దది రెండున్నర సెంటీమీటర్లు దాటింది. ఎప్పుడు వదలాలి?

నీటిమట్టం

మూడు సెంటీమీటర్లకు దగ్గరగా వచ్చి, ఫ్రోజెన్ ఇష్టంగా తింటుంటే వదలండి. లైట్లు తగ్గాక, మిగతా చేపలకు కడుపు నిండా పెట్టాక వదలండి. గిన్నెను కూడా రాతి పక్కన నీళ్లు నెమ్మదిగా ఉండే చోట పెట్టండి. వదిలాక కొన్నాళ్లు పిపెట్‌తో ఆ గిన్నెలోకే మేత దింపండి. కడుపు మళ్లీ తగ్గుతున్నట్టు కనబడితే పట్టి పెట్టెలో వేయడానికి వెనుకాడొద్దు, అందుకే పెట్టెను అప్పుడే తీసేయకండి.

ఉప్పునీటిచుక్క

ఇంకొక్కటి. ఇంత చిన్న వయసులో మగదో ఆడదో తెలియదు. పెరిగేకొద్దీ మొదటి వీపు రెక్క చూస్తూ ఉండండి. ముందు ముల్లు పొడవుగా సాగితే మగది. రెండింటికీ అలా సాగితే ఒకే ట్యాంకులో పడవు. ఒకదాని రెక్కలు చిరిగేదాకా ఆగకుండా వేరే ఇల్లు చూడండి. ఒకటి ఆడదైతే పొద్దువాలే వేళ లైట్లు తగ్గేటప్పుడు ట్యాంక్ ముందు కూర్చోండి, నీలిరెక్క గారు చెప్పినట్టు జంట పైకి లేవడం మీరూ చూస్తారు.