మాట, లెక్క, పని: పిల్లలకి నాన్న ఎలా అలవాటు చెయ్యాలి?

సంతకవిటి_వాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది సంతకవిటి వైపు పల్లె. మడ్డువలస కాలువ కింద రెండెకరాలు. నా ఉద్యోగం విశాఖలో, పదిహేను రోజులకోసారి ఇంటికి. పాపకి పద్నాలుగు, బాబుకి పదకొండు.

వీళ్ళకి ఆస్తి ఎంత మిగులుతుందో చెప్పలేను గాని మూడు గుణాలు మిగలాలని ఉంది. ఇచ్చిన మాట తప్పకపోవడం, డబ్బు దగ్గర నిజంగా ఉండడం, పట్టిన పని మధ్యలో వదలకపోవడం. కూర్చోబెట్టి చెబితే వింటారు, తలూపుతారు, అక్కడితో సరి. ఏ వయసులో ఏ పని చేతికివ్వాలి, ఎలా చేయించాలి, ఎక్కడ చెడుతుంది? "మీరు మంచిగా ఉంటే వాళ్ళే నేర్చుకుంటారు" అని చాలామంది చెప్పారు. దయచేసి ఇంకొంచెం కిందికి దిగి చెప్పండి.

జమాఖర్చు

బాబు వయసుకి సంత సరిగ్గా సరిపోతుందండీ. వారానికి కూరగాయల డబ్బు, రెండొందలో మూడొందలో, వాడి చేతికివ్వండి. అది వాడి ఖర్చుకిచ్చింది కాదు, ఇంటి డబ్బు అని ముందే చెప్పాలి. ఒక గీతల పుస్తకం కొనండి. ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు, అడుగున నిల్వ. వంకాయలు అరకిలో ఇంత, పచ్చిమిర్చి పావు ఇంత అని ఇంటికొచ్చిన వెంటనే రాసి, మిగిలిన చిల్లర తెచ్చి పుస్తకం మీద పెట్టాలి. రాత్రికి రాద్దాం అంటే సగం మర్చిపోతాడు.

ఇది చెడేది ఒక్క చోట. పన్నెండు రూపాయలు తేలలేదనుకోండి. నాన్న కళ్ళెర్రజేస్తే పై వారం లెక్క చక్కగా తేలుతుంది, ఎందుకంటే టమాటా ధర పన్నెండు పెంచి రాస్తాడు. దొంగలెక్క ఎక్కువగా భయంలోంచే పుడుతుంది. అందుకని "తేలనిది" అని ఒక పద్దు మీరే పెట్టించండి. "తేలనిది 12" అని వాడి చేత్తోనే రాసి తేదీ వెయ్యాలి. ఆ పద్దుకి తిట్లు ఉండకూడదు, మీ జేబులోంచి పూడ్చడమూ ఉండకూడదు. పై వారం ఇచ్చే డబ్బులో ఆ పన్నెండూ తగ్గించండి, దాంతోనే సరుకు తెచ్చుకోవాలి. కొన్ని వారాలకి చిల్లర తీసుకుంటూనే లెక్కపెట్టుకోవడం మొదలెడతాడు.

పాపకి ఇంకో మెట్టు పైకి వెళ్ళండి: అప్పు. ప్రామిసరీ నోటు (అప్పు పత్రం) మీద యాభై వేలు, నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి వెయ్యి, ఏడాదికి పన్నెండు వేలు. అంటే 24 శాతం. బ్యాంకు వాళ్ళు పంట రుణానికి వేసే వడ్డీ పక్కనే రాయించి చూపించండి. మీరు బాకీ కట్టడానికి వెళ్ళే రోజు పాపని వెంట తీసుకెళ్ళండి. నోటు వెనక తేదీ, కట్టిన మొత్తం అక్షరాల్లో, కింద సంతకం, అలా జమ వేయించడం తను చూడాలి. పూర్తిగా తీరిన రోజు చెల్లు రాయించి నోటు వెనక్కి తెచ్చుకోవడమూ చూడాలి. నమ్మకం మీద డబ్బిచ్చేసి జమ వేయించకపోతే, నిజాయితీ ఉన్న ఇద్దరి మధ్యే తగాదా వస్తుంది. ఎవరికి గుర్తున్నది వారికి నిజం కదా.

ఇంకొక్కటి. ప్రామిసరీ నోటుకి గడువు మూడేళ్ళు. గడువు లోపల జమ గాని, రాతలో ఒప్పుకోలు గాని పడితే అక్కణ్ణుంచి మళ్ళీ మూడేళ్ళు. ఆ గడువు దాటితే కోర్టుకెళ్ళి వసూలు చేసుకోలేరు. ఇదీ పాపకి తెలియాలి. తెలిశాక, కాలదోషం పట్టిన నోటుకి కూడా నాన్న బాకీ కట్టడం చూస్తే, మీరు అడిగిన రెండో గుణానికి అంతకు మించిన పాఠం నా ఎరికలో లేదు.

ఉభాల_వేళ

పొలం ఉన్నోళ్ళకి ఇది పెద్ద కష్టం కాదన్నా. గుంటడికి ఒక సెంటు ఇచ్చెయ్యండి. సెంటంటే 48 గజాల పైచిలుకు, నలభై చదరపు మీటర్లు. గట్టు పక్కన, నీరు పారే వైపు, చుట్టూ చిన్న గట్టు వేసి "ఇది నీది" అనండి. విత్తు నుంచి గింజ దాకా వాడిదే పూచీ. పట్టిన పని వదలకపోవడం అన్నారు కదా, ఐదు నెలల పంట కంటే దానికి మంచి కొలత లేదు.

పావు కిలో విత్తనం చాలు. మన వైపు శ్రీకాకుళం సన్నాలు అంటామే, ఆర్‌జీఎల్ 2537, లేదా స్వర్ణ, మీరు మిగతా పొలంలో ఏది వేస్తే అదే ఇవ్వండి. వేరే రకం ఇస్తే కోతకి రోజులు కలవక వాడి మడి ఒక్కటీ పిట్టల పాలవుతుంది.

ముందు మొలక పరీక్ష. వంద గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి, గుడ్డ ఆరనివ్వకుండా చూసి, వారానికి విప్పి లెక్కపెట్టాలి. ఎనభైకి తగ్గితే ఆ విత్తు వద్దు. తర్వాత ఉప్పునీళ్ళు. బకెట్లో నీళ్ళు పోసి తాజా కోడిగుడ్డు వెయ్యండి, మునుగుతుంది. ఉప్పు కలుపుతూ పొండి. గుడ్డు తేలి, రూపాయి బిళ్ళంత భాగం పైకి కనబడితే చాలు. పది లీటర్లకి కిలోన్నర దాకా పట్టొచ్చు. అందులో విత్తనం పోసి కలిపితే తాలు పైకి తేలుతుంది, గట్టి గింజ అడుగుకి పోతుంది. తేలింది తీసేసి, అడుగుది మంచినీళ్ళతో రెండుమూడుసార్లు బాగా కడగాలి. చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే. ఉప్పు మిగిలితే మొలక దెబ్బతింటుంది. ఆపైన ఒక రోజు నానబెట్టి, నీరు ఓడ్చి, తడి గోనెలో మండె కట్టి (మూటగా బిగించి), ఒక రోజు నుంచి రోజున్నర ఉంచితే తెల్లగా మొలక ముక్కు కనిపిస్తుంది. ఇంకా ఉంచితే వేళ్ళు అల్లుకుపోయి జల్లేటప్పుడు తెగుతాయి.

ఉభాలకి, అంటే నాట్లకి, వాడి మడిలో వాడే నాటాలి. వరసకి వరస 20, దుబ్బుకి దుబ్బు 15 సెంటీమీటర్లు, దుబ్బుకి రెండుమూడు మొక్కలు. సెంటుకి సుమారు పదమూడొందల దుబ్బులు పడతాయి. రెండుమూడు సెంటీమీటర్ల లోతు చాలు. పిల్లలు పడిపోతాయేమోనని లోతుగా గుచ్చేస్తారు, అప్పుడు పిలకలు తగ్గిపోతాయి. మీరు వంగి సరిచెయ్యకండి. లోతుగా గుచ్చిన వరసా, పైపైన పెట్టిన వరసా నెల తర్వాత పక్కపక్కన వాడికే కనబడతాయి.

ఎరువు పాళ్ళు మీరు తూచి ఇవ్వండి. పురుగుమందు మాత్రం పిల్లల చేత ముట్టించొద్దు, కొట్టేటప్పుడు మడి దగ్గరికీ రానివ్వొద్దు. రొటావేటరు, కోత మిషను దగ్గరా అంతే. ఇంటి పనిలో బడి వేళలు కాకుండా సాయం చెయ్యడానికి చట్టం అడ్డు రాదు. ప్రమాదం ఉన్న పని, బడి మానిపించే పని రెండూ తప్పే.

కాలువ నీటి దగ్గర ఇంకో పాఠం ఉంది. వంతు వచ్చినప్పుడు మన గండి తెరవడం, వంతు అయిపోయాక కట్టేసి, కింది రైతుకి చెప్పి రావడం, ఈ రెండూ వాడి చేత చేయించండి. రాత్రిపూట పక్కోడి గట్టు తెగ్గొట్టే నాన్న వెనక టార్చి పట్టుకుని నిల్చున్న పిల్లడికి ఏ నీతి చెప్పినా ఎక్కదు.

కోతకి ఆ సెంటు ధాన్యం వేరుగా నూర్చి, వేరుగా తూచండి. ఎకరాకి పాతిక క్వింటాళ్ళ లెక్కన సెంటుకి పాతిక కిలోలు రావాలి. కాటా ఎక్కించే ముందు ముద్ర ఉన్న పది కిలోల గుండు పెట్టి కాటా నిజం చెబుతోందో లేదో వాడే చూడాలి, గోనె బరువు వాడే తీసెయ్యాలి. తేమ 17 శాతం లోపుంటేనే ప్రభుత్వ కొనుగోలుకి పనికొస్తుంది. తడి ధాన్యం బరువు తూగుతుందని వాడికి ఇట్టే అర్థమవుతుంది. ఎండబెట్టే తూచాలని మీరు పట్టుబట్టేది కూడా అప్పుడే. వచ్చిన డబ్బు వాడిదే. అందులోంచి విత్తు, ఎరువు ఖర్చు మీకు తిరిగివ్వాలి. జాలిపడి మాఫీ చెయ్యకండి.

టెక్కలి_రోడ్డు

మాట తప్పకపోవడం గురించి ఎవరూ ఎత్తలేదు. దూరంగా ఉండే నాన్నలు పిల్లలకి మాట తప్పడం నేర్పేది ఫోన్లోనే. "వచ్చే ఆదివారం వస్తాను", "పండక్కి సైకిల్ తెస్తాను". మన జిల్లాల్లో ఇళ్ళు వదిలి విశాఖ, హైదరాబాదు, చెన్నై పోయి పనిచేసేవాళ్ళు ఎంతమందో. సెలవు ఖాయం కానిదే వస్తానని చెప్పకండి. "సెలవు అడిగాను, గురువారానికి తెలుస్తుంది" అనండి, గురువారం మీరే ఫోన్ చెయ్యండి, దొరక్కపోయినా సరే. రాలేనని చెప్పడానికి చేసిన ఫోను కూడా మాట నిలబెట్టుకోవడమే.

పిల్లల దగ్గర తీసుకునే మాట కూడా చిన్నదిగా, తేదీతో ఉండాలి. "బాగా చదువు" అనేది మాట కాదు, తప్పాడో లేదో ఎవరికీ తెలీదు. "శనివారం లోపు ఎనిమిదో పాఠం లెక్కలు పదీ చేస్తాను" అనేది మాట.

అలాగే ఇంట్లో "నాన్న రానీ, చెప్తాను" అనడం ఆపించండి. పదిహేను రోజులకి వచ్చే మనిషి ముందు రెండు వారాల తప్పులు కుప్పపోస్తే, మీరొచ్చే రోజే పిల్లలు దాక్కుంటారు. ఏ రోజు తగువు ఆ రోజే అమ్మ తేల్చాలి. ఆవిడ తేల్చినదాన్ని మీరు మార్చకూడదు.

బొబ్బిలి_పనస

పని నేర్పే వరస గురించి ఒక మాట. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసే ఇళ్ళు చూడండి, తండ్రి పక్కన కూర్చునే కొడుకు పని పడతాడు. ఏకాండి వీణకి కుండ, దండి అంతా ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు. కుండ గోడ ఒక చోట పల్చబడితే ఆ కర్రని మళ్ళీ అతికించలేరు, అక్కడే నాదం పోతుంది. మెట్లు 24, మైనంలో నిలబెడతారు. మెట్టు వెంట్రుకవాసి పక్కకి జరిగితే స్వరం తప్పుతుంది గాని, మైనం మెత్తబరిచి మళ్ళీ సర్దుకోవచ్చు. తప్పుల్లో ఈ రెండు రకాలూ ఉంటాయి, దిద్దుకోగలిగేవీ, దిద్దుకోలేనివీ.

పిల్లలకి మొదట ఇవ్వాల్సింది దిద్దుకోగలిగిన పని. సంత లెక్క, ఒక సెంటు మడి, రెండూ అలాంటివే, పైవాళ్ళిద్దరూ సరిగ్గానే చెప్పారు. అక్కడ అడ్డుపడకుండా తప్పు చెయ్యనివ్వాలి. దిద్దుకోలేనివాటిలో, అంటే బండి నడపడం, మందులు, సంతకాలు, మీ చెయ్యి వాళ్ళ చేతి మీదే ఉండాలి. చాలా ఇళ్ళలో ఇది తలకిందులుగా జరుగుతోంది: పద్నాలుగేళ్ళ పిల్లాడికి మోటారుసైకిల్ తాళం ఇస్తారు, పది రూపాయల లెక్క మాత్రం అప్పజెప్పరు.

పని కంటే పెద్దది కూడా ఇలాగే అందుతుంది. గిడుగు రామమూర్తి పంతులు గారు మన శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టి, పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరల (కొండల్లోని గిరిజనుల) భాష నేర్చుకుని, ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఆ సవర భాష పనిని కొడుకు సీతాపతి గారు అందుకుని ముందుకి తీసుకెళ్ళారు. సవరల గౌరవం గురించి ఇంట్లో ఉపన్యాసాలు వినడం వేరు, ఆ మాటలు సేకరించి రాస్తున్న నాన్న పక్కన పెరగడం వేరు.

సంతకవిటి_వాసి

అందరికీ చాలా కృతజ్ఞతలు. సెంటు సంగతి ఇంట్లో చెబితే పాప తనకీ కావాలంటోంది. మా పెద్దవాళ్ళు "ఆడపిల్లకి మడి ఎందుకు, రేపు వెళ్ళిపోయే పిల్ల" అంటున్నారు. ఇంకా, పాప పేరున ఖాతా తెరవచ్చా?

దస్తావేజు

ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి. తమ్ముడి మడి పక్కనే, అంతే కొలతతో. ఇంట్లో సమానం అన్న మాట పిల్లలకి అందేది ఇలాంటి చోటే, బాబు కూడా చూస్తున్నాడు.

చట్టం సంగతి పెద్దవాళ్ళకి నెమ్మదిగా చెప్పండి. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది, అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకి. దేశమంతటా 2005 సెప్టెంబరు 9 నుంచి వచ్చింది, పెళ్ళైనవాళ్ళకి కూడా. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలన్న షరతు లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చేసింది. మీరు సొంతంగా సంపాదించి కొన్నదైతే మీ ఇష్టప్రకారం రాసుకోవచ్చు.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు విడిపోవడానికి నేను చూసే కాగితాల్లో కారణం ఎక్కువసార్లు ఒకటే: నాన్న మనసులో ఏముందో ఎవరికీ చెప్పలేదు, లేదా పెళ్ళి హడావుడిలో పిల్ల చేత "నాకేం వద్దు" అని సంతకం పెట్టించారు. ఆ సంతకం మాత్రం అడగకండి. వీలునామా రాయాలనుకుంటే స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గాని చేయిస్తే తర్వాత గొడవ తగ్గుతుంది. మీరు సంతకం పెట్టడం చూసిన సాక్షులు కనీసం ఇద్దరు ఉండాలి. మీకంటే వయసులో చిన్నవాళ్ళని, అందులో వాటా లేనివాళ్ళని సాక్షులుగా పెట్టుకోండి.

ఏడాదికోసారి, సంక్రాంతికి మీరు ఇంట్లో ఉన్నప్పుడు, పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి సంచి విప్పండి. పట్టాదారు పాసుపుస్తకం, 1-బి (భూమి ఎవరి పేరున ఉందో చూపే పత్రం), అడంగల్ (ఎవరి సాగులో ఏ పంట ఉందో చూపేది), దస్తావేజులు, బీమా, బాకీల చీటీ. సర్వే నంబరు పాప చదవాలి, విస్తీర్ణం బాబు రాయాలి. తర్వాత పొలానికి నడిచి వెళ్ళి నాలుగు హద్దులూ చూపించండి, ఏ రాయి ఎవరి గట్టులో ఉందో. రాయి జరిగి ఉంటే మీకు లాభమైనా సరే, ఆ పక్క రైతుని పిలిచి వాళ్ళ ముందే చెప్పండి.

ఖాతా సంగతి. సుకన్య సమృద్ధి పదేళ్ళ లోపే తెరవాలి, పాపకి దాటిపోయింది. పోస్టాఫీసు పొదుపు ఖాతా పదేళ్ళు దాటిన పిల్లలు సొంత పేరున తెరిచి తామే నడుపుకోవచ్చు, 500 రూపాయలతో మొదలవుతుంది. బాబుకీ వర్తిస్తుంది. పుట్టిన తేదీ ధ్రువపత్రం, ఆధార్, ఫోటోలు పట్టుకెళ్ళండి. సెంటు ధాన్యం డబ్బు వచ్చాక ఇద్దరినీ ఒకే రోజు తీసుకెళ్ళండి. ఫారం వాళ్ళనే నింపనివ్వండి, ఒకటి పాడైనా ఇంకోటి అడిగి తీసుకోవచ్చు.