మెసేజ్ అర్థం లేకుండా వస్తే పక్షవాతమా, ఫోను తప్పా?

పెన్న_గట్టు: పెద్దోళ్ల వాట్సాప్ మెసేజ్ తలాతోకా లేకుండా వస్తే తేడా యాడ పట్టేది?

ఆదోని_ల్యాబ్: తప్పు ఏ రకమో చూడన్నా. ‘బస్సు’ కాస్తా ‘బుస్సు’ అయితే వేలు జారిందంతే. వాయిస్ టైపింగ్ అయితే మన సీమ యాసను ఎట్లాగూ ఖూనీ చేస్తుంది. ‘అన్నం తిన్నావా?’ అంటే ‘రేపు చెంబు మీద ఆదివారం పెట్టినా’ అని వచ్చిందనుకో, అది వేరే. మాటలన్నీ మాటలే, కలిపితే అర్థం లేదు. ‘ఏందిది?’ అని అడిగినా అట్లాంటిదే ఇంకోటి వస్తుంది. పంపినోళ్లకు తప్పు కనపడదు.

బురుజు_నర్సు: దాన్ని అఫేసియా అంటారు, అంటే మెదడు దెబ్బతిని మాటలు సరిగ్గా కూర్చలేకపోవడం. బోస్టన్‌లో ఒక గర్భిణికి స్ట్రోక్, అదే పక్షవాతం, వస్తే బయటపెట్టింది భర్తకు పోయిన మెసేజ్‌లే, 2012లో డాక్టర్ల పత్రికలో వచ్చింది. ఇంక టైప్ చేస్తా కూచోవద్దు, ఫోన్ చేయండి. చిన్న వాక్యం తిరిగి చెప్పమనండి. పక్కనున్నోళ్లకు చెప్పి ఆ మనిషిని పళ్లు ఇకిలించి చూపించమనండి, రెండు చేతులూ ముందుకు చాపి కళ్లు మూసుకోమనండి. వాక్యం తిరిగి చెప్పలేకపోయినా, మూతి ఒక పక్కకు పోయినా, పది సెకన్లలో ఒక చెయ్యి కిందికి జారినా 108.

ఆదోని_ల్యాబ్: మొదటి పిచ్చి మెసేజ్ టైము రాసిపెట్టుకోండి.

బురుజు_నర్సు: కాదు సార్, చివరి సరైన మెసేజ్ టైము. పిచ్చిది 9:40కి వచ్చినా, బాగున్నది 7:15దైతే డాక్టర్ లెక్క 7:15 నుంచే. మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు, అంటే 11:45 దాకా. నిద్రలో వచ్చుంటే పడుకున్న టైము చెప్పాలి. స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకుంటే కర్నూలు పెద్దాసుపత్రిలోనైనా, అనంతపురంలోనైనా వాదన ఉండదు.

పెన్న_గట్టు: అంతలోపల ఆస్పిరిన్ వేయొచ్చా అక్కా?

బురుజు_నర్సు: వద్దు. గడ్డా, రక్తస్రావమా అనేది సీటీ స్కాన్ తీస్తేగానీ తెలీదు. రక్తస్రావమైతే ఆస్పిరిన్ ఇంకా చెరుపు. ఇంట్లో బీపీ మాత్ర వేసి దించొద్దు. నీళ్లు కూడా పట్టొద్దు, మింగలేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మనోళ్ల జబ్బేందంటే ముందు ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్, తర్వాత ఆకు పసరు, ఆఖర్న సీటీ.

ఆదోని_ల్యాబ్: షుగర్ ఉన్నోళ్లకు గ్లూకోమీటర్ తప్పనిసరి. 70 కన్నా బాగా పడిపోతే మాట ఇట్లే తడబడుతుంది. తక్కువుంటే ఆ అంకె 108 వాళ్లకు చెప్పండి.

పెన్న_గట్టు: పది నిమిషాలకు మామూలైపోతే?

బురుజు_నర్సు: అయినా ఆ రోజే పోవాలన్నా. టీఐఏ, అంటే కాసేపు వచ్చి పోయే చిన్న పక్షవాతం, అయ్యుంటే, అసలు స్ట్రోక్ వచ్చే ప్రమాదం మొదటి రెండు రోజుల్లోనే ఎక్కువ. వాడే మాత్రల పట్టీలన్నీ వెంట తీసుకుపోండి, ముఖ్యంగా రక్తం పల్చబడేవి.