కెన్యా విద్యార్థికి పై వాటా అద్దెకిస్తున్నాం: కాగితాలేంటి, ముందే ఏం సర్దాలి?

పైవాటా_వాల్తేరు:
అందరికీ నమస్కారమండీ. మా ఇల్లు పెదవాల్తేరులో, కరకచెట్టు పోలమాంబ గుడి దగ్గర. ఏయూలో (ఆంధ్రా యూనివర్సిటీ) ఎంటెక్‌లో చేరుతున్న కెన్యా అబ్బాయికి పై వాటా మాట్లాడుకున్నాం. వచ్చే వారం ఢిల్లీలో దిగి, అక్కణ్ణుంచి ఇంకో విమానంలో వైజాగ్ వస్తాడు. మేం పోలీసు స్టేషన్‌కి వెళ్లాలా, అంతా ఆన్‌లైనేనా? అగ్రిమెంటు నాన్నగారి పేరు మీద రాయిద్దామంటే కరెంటు బిల్లు ఇంకా తాతగారి పేరు మీదే ఉంది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇది అడ్డమవుతుందా? సిమ్ము, బ్యాంకు, గ్యాసు, తిండి విషయంలో కూడా ముందే సర్దిపెట్టగలిగినవి ఉంటే చెప్పండి.

ఔట్‌గేట్_టీకొట్టు:
ఏయూలో విదేశీ విద్యార్థుల కోసం ప్రత్యేకంగా ఆఫీసే ఉంది కదండీ. వాళ్లే చూసుకుంటారు. ఇంటివాళ్లకి ఏం పని ఉండదు.

ఉప్పుగాలి:
పై మాట నమ్మి ఊరుకోకండి. యూనివర్సిటీ పంపే వివరాలు వేరు, ఇంటి యజమాని పంపాల్సినవి వేరు. విదేశీయుడు మీ ఇంట్లో దిగిన 24 గంటల్లోపు మీరే ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. ఫారం-సి అని అందరూ అంటున్నది దాన్నే. హోటళ్లకే కాదు, వాటా అద్దెకిచ్చే మనలాంటివాళ్లకీ వర్తిస్తుంది. 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చినా ఈ బాధ్యత యజమాని మీదే ఉంది.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే: ఫారం నింపాలంటే ముందు యజమాని పేరు మీద లాగిన్ ఉండాలి. దానికి మీ గుర్తింపు కార్డు, ఇంటి చిరునామా ఇచ్చి దరఖాస్తు పెడితే అధికారులు చూసి ఆమోదిస్తారు. అది అప్పటికప్పుడు అయ్యే పని కాదు. అబ్బాయి వచ్చాక మొదలెడితే ఆ 24 గంటలూ దీనికే అయిపోతాయి. ఇవాళే పెట్టేయండి.

ఫారంలో రెండు తేదీలు అడుగుతారు. దేశంలో దిగిన తేదీ ఒకటి, మీ ఇంటికొచ్చిన తేదీ ఒకటి. ఇమిగ్రేషన్ ముద్ర ఢిల్లీలోనే పడుతుంది, వైజాగ్ ఎయిర్‌పోర్టులో పడదు. కాబట్టి మొదటి తేదీ ఆ ముద్ర చూసి వేయండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు, అసలు పేరు ఏ వరుసలో ఉంటే ఆ వరుసలోనే కొట్టండి. పాస్‌పోర్టు నంబర్లో సున్నాకి బదులు ఇంగ్లీషు 'O' అక్షరం పడకుండా చూసుకోండి. పూర్తయ్యాక వచ్చే ప్రింటు అబ్బాయికీ ఒక కాపీ ఇవ్వండి, అతని రిజిస్ట్రేషన్‌కి కావాలి.

ఆ రిజిస్ట్రేషన్ మాత్రం అబ్బాయి పని. వీసా 180 రోజులకు మించి ఉంటే దేశంలో దిగిన 14 రోజుల్లోపు ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌వో అనే విదేశీయుల రిజిస్ట్రేషన్ సైట్లో పెట్టాలి. లెక్క ఢిల్లీ ముద్ర నుంచే మొదలు. పాస్‌పోర్టు ఫొటో పేజీ, వీసా, ముద్ర ఉన్న పేజీ, ఫొటో, యూనివర్సిటీ ఇచ్చే బోనఫైడ్, చిరునామా రుజువు కావాలి. నెట్ సెంటర్లో చేయిస్తే వాళ్ల ఈమెయిల్ పెట్టేస్తుంటారు. తర్వాత ఏదైనా కాగితం సరిగా లేదని అడిగినా, చివర్లో పర్మిట్ వచ్చినా ఆ మెయిల్‌కే పోతుంది, అబ్బాయికి తెలియదు. అతని సొంత మెయిలే పెట్టించండి.

ఇక కరెంటు బిల్లు. పోయినవాళ్ల పేరు మీద ఉన్న బిల్లుని ఒక్కదాన్నే జతచేస్తే అగ్రిమెంట్లో పేరుకీ దీనికీ పొంతన ఉండదు. కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌లో పేరు మార్పించడం మంచిదే గానీ వారంలో అవుతుందని ఆశ పెట్టుకోవద్దు. జీవీఎంసీ (నగరపాలక సంస్థ) ఇంటిపన్ను రసీదు నాన్నగారి పేరు మీద ఉంటే దాన్నీ బిల్లునీ కలిపి పెట్టించండి. అన్నిటికంటే ముందు డోర్ నంబరు చూడండి. బిల్లు మీద పాత నంబరు, పన్ను రసీదు మీద కొత్త నంబరు ఉంటే అగ్రిమెంట్లో రెండూ రాయించి నోటరీ చేయించండి. మామూలుగా రాసే 11 నెలల అగ్రిమెంటు చాలు.

కౌంటర్_నం4:
బ్యాంకు సంగతి. కౌంటర్లో "సేవింగ్స్ అకౌంటు" అని అడిగితే ఆధార్, పాన్ అడిగి పంపించేస్తారు. విదేశీ విద్యార్థికి ఎన్‌ఆర్‌ఓ అకౌంటు (ఇక్కడ స్థిరనివాసం లేనివాళ్ల రూపాయల అకౌంటు) కావాలని అడగాలి. పాస్‌పోర్టు, వీసా, ముద్ర, అడ్మిషన్ లెటర్ చూపిస్తే లోకల్ అడ్రసు రుజువు లేకపోయినా తెరవొచ్చని రిజర్వు బ్యాంకు నిబంధనే ఉంది. రుజువు ఇవ్వడానికి 30 రోజుల గడువు. ఆలోగా బయటి దేశం నుంచి 1,000 డాలర్లకు మించి జమ కాకూడదు, నెలకు 50,000 రూపాయలకు మించి తీయకూడదు. అందుకని సెమిస్టర్ ఫీజు మొత్తం మొదటి వారంలోనే ఈ అకౌంటుకి పంపించమని ఇంటికి ఫోన్ చేస్తే డబ్బు ఇరుక్కుంటుంది. ముందు అడ్రసు కాగితం ఇచ్చేయమనండి.

సిమ్ము కోసం రోడ్డు పక్క గొడుగు కింద కూర్చునేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లకండి. ఆధార్ వేలిముద్ర లేకుండా వాళ్లు చేయలేరు. సిరిపురం, జగదాంబ వైపు కంపెనీ షోరూములకు వెళ్లండి. ఓటీపీకి లోకల్ నంబరు ఒకటి అడగొచ్చు, కాబట్టి మీలో ఒకరు పక్కన ఉంటే మంచిది.

ఆధార్ విదేశీయులకీ ఇస్తారు, కానీ అంతకుముందు 12 నెలల్లో 182 రోజులు ఇక్కడ ఉండి ఉండాలి. ఇప్పుడే హడావుడి పడొద్దు. ఖాళీ టైములో ఏదైనా షాపులో పని చేసుకుంటానంటే మాత్రం వద్దని చెప్పండి, స్టూడెంట్ వీసా మీద జీతానికి పనిచేయకూడదు.

లాసన్స్‌బే_అత్తయ్య:
ఇంటి సంగతులు నేను చెప్తాను. కెన్యాలో ప్లగ్గులు బ్రిటిష్ రకం, మూడు చదును పిన్నులు. మన గుండ్రటి సాకెట్లో దూరవు. అడాప్టర్లు రెండు కొని గదిలో పెట్టండి, ఓల్టేజీతో ఇబ్బంది లేదు. ఆ అడాప్టర్‌తో ఐరన్ బాక్సు, కెటిల్ లాంటివి వాడొద్దనండి, వేడెక్కి కరిగిపోతుంది.

గ్యాసుకి కొత్త కనెక్షన్ జోలికి పోకండి. 5 కేజీల చిన్న సిలిండరు గుర్తింపు పత్రం ఒక్కటి చూపితే ఇస్తారు, ఒక్కడికి అది చాలు.

తిండి దగ్గర ఒక మెలిక ఉంది. వాళ్లకి ఉగాలి అంటే మనకి అన్నం లెక్క, మొక్కజొన్న పిండితో గట్టిగా కెలికే ముద్ద. అబ్బాయి కిరాణా కొట్టుకెళ్లి మొక్కజొన్న పిండి అంటే మంచూరియాలో వేసే కార్న్‌ఫ్లోర్ ప్యాకెట్ చేతిలో పెడతారు. అది వట్టి గంజిపొడి. నీళ్లలో వేస్తే జిగురులా సాగుతుంది తప్ప ముద్ద కట్టదు. ఎండు మొక్కజొన్నలు కొని పిండి మరలో కాస్త గరుకుగా ఆడించండి. గ్లాసు పిండికి రెండు గ్లాసుల నీళ్లు మరగనిచ్చి, పిండి కొంచెం కొంచెంగా పోస్తూ కలపాలి. అక్కడ తెల్ల మొక్కజొన్న వాడతారు, ఇక్కడ దొరికేది పసుపుది, రుచి కొంచెం తియ్యగా ఉంటుంది. చోడిపిండి జావ, చపాతీ, పాల టీ వాళ్లకీ అలవాటే. ఆకుకూరలకి ఎంవీపీ రైతుబజారుకి పొద్దున్నే వెళ్లమనండి.

అన్నట్టు, మోటారు స్విచ్ ఎక్కడుందో, ట్యాంకు నిండాక ఆపాలని, మంచినీళ్లు 20 లీటర్ల క్యాను ఎవరు వేస్తారో మొదటి రోజే చూపించండి. లెదర్ బూట్లు, బెల్టులు బీరువాలో మూసిపెడితే మన తేమకి బూజు పడతాయి.

పైవాటా_వాల్తేరు:
చాలా థాంక్సండీ. లాగిన్‌కి దరఖాస్తు ఇప్పుడే పెట్టాను. పన్ను రసీదు నాన్నగారి పేరు మీదే ఉంది, డోర్ నంబరు మాత్రం వేరే ఉంది, రెండూ రాయిస్తాం. ఊళ్లో తిరగడం గురించి ఏమైనా?

ఉప్పుగాలి:
ఆటోవాళ్లకి డోర్ నంబరుతో పని లేదు. ఏయూ ఔట్ గేటు, పోలమాంబ గుడి, మద్దిలపాలెం, కాంప్లెక్స్, ఈ నాలుగూ పలకడం నేర్పండి. కాంప్లెక్స్ అంటే ఆర్టీసీ బస్టాండు అని అతనికి ఎవరూ చెప్పకపోతే తెలియదు. షేర్ ఆటోకీ మొత్తం ఆటోకీ తేడా ఎక్కకముందే అడగాలి.

ఆర్కే బీచ్‌లో స్నానానికి దిగొద్దని గట్టిగా చెప్పండి. ఈత వచ్చినవాళ్లని కూడా అడుగున నీళ్లు లోపలికి లాగేస్తాయి. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటూ పోయింది, ఫోన్లూ పోయాయి. అలాంటప్పుడు యూపీఐ పనికిరాదు, చేతిలో కొంత నగదు, ఛార్జి చేసిన పవర్ బ్యాంకు ఉండాలి.

ఇంకోటి, ఖాళీ చేసేటప్పుడు కూడా యజమాని 24 గంటల్లో తెలియజేయాలి. అబ్బాయి కొత్త అడ్రసు మార్పు వేరుగా పెట్టుకోవాలి. అడ్వాన్సు తిరిగిచ్చే రోజునే ఆ రెండూ అయ్యేలా చూసుకోండి.