వర్జీనియా పల్లె కౌంటీల పాత సివిల్ దావాలు: ఇండెక్స్‌లో పేరు తగలకపోతే?

దస్త్రాలగది: ఆగస్టా కౌంటీలో 1820 ప్రాంతంలో పోయిన ఒక రైతు ఆస్తి పంపకం దావా కావాలండి. లైబ్రరీ ఆఫ్ వర్జీనియా ఛాన్సరీ ఇండెక్స్‌లో (ఆస్తి పంపకాల్లాంటి దావాలను ఉచితానుచితాలు చూసి తేల్చే ఛాన్సరీ కోర్టుల ఫైళ్ల సూచిక) 1815–1825 మధ్య ఇంటిపేరు కొడితే ఏమీ రావట్లేదు.

నకలుకాపీ: సంవత్సరమే అడ్డుపడుతోంది. ఫైలు నంబరులో మొదటి నాలుగంకెలు దావా వేసిన ఏడు కాదు, ముగిసిన ఏడు. 1822లో వేసింది 1848లో తేలితే 1848 కిందే ఉంటుంది. వారసుల దావాలు ఇరవై ముప్పై ఏళ్లు సాగినవి కొల్లలు. తేదీల గడులు ఖాళీగా వదిలి కౌంటీ, ఇంటిపేరు మాత్రం ఇవ్వండి. అల్లుళ్ల ఇంటిపేర్లతోనూ వెతకండి, కూతుళ్లు ఆ పేర్ల కిందే కనిపిస్తారు.

తీర్పుప్రతి: ఫైలు దొరికితే ముందు ఆఖరి డిక్రీ, తర్వాత బిల్లు, అంటే వాది వేసిన ఫిర్యాదు పత్రం చదవండి. బిల్లులో ‘యువర్ ఒరేటర్’ అంటే వక్త కాదు, వాది. ఆడమనిషైతే ‘ఒరేట్రిక్స్’. ‘ఎట్ అక్స్’ అంటే భార్యతో సహా. ‘నెక్స్ట్ ఫ్రెండ్’ మైనరు తరఫున దావా నడిపే మనిషి. ఛాన్సరీలో హక్కున్న వాళ్లందరినీ పార్టీలుగా చేర్చాలి, అందుకే కుటుంబం మొత్తం ఒక్కచోట దొరుకుతుంది.

మడతవెనక: స్కాన్‌లో ఖాళీగా కనిపించే వెనక పేజీలు దాటేయకండి. కాగితాన్ని మడిచి కట్టగట్టాక పైకి కనిపించే ఆ పట్టీ మీదే గుమాస్తా పార్టీల పేర్లు రాసేవాడు, కింద ఏ నెలలో ఏం జరిగిందో చిన్న అక్షరాల్లో వరసగా ఎక్కించేవాడు. అక్కడ ‘అబేట్స్ బై డెత్’ అని ఉంటే ఆ పార్టీ అప్పటికే పోయినట్టు. దాని ముందు నమోదు తేదీతో కలిపి చూస్తే మరణకాలాన్ని కొన్ని నెలల్లోకి కుదించొచ్చు. సమాధిరాయి లేనివాళ్లకు ఇది బంగారం లాంటి ఆధారం.

దస్త్రాలగది: అప్పు నోటు మీద వేసిన దావా కూడా అక్కడే ఉంటుందా?

నకలుకాపీ: ఉండదండి. అది లా వైపుది, అంటే మామూలు చట్టం ప్రకారం తేల్చే దావా. ఛాన్సరీ ఇండెక్స్‌లో రాదు. ఆర్డర్ బుక్‌లో (కోర్టు ఉత్తర్వుల పుస్తకం) ఏ టర్ములో, అంటే ఏ విడత కోర్టు సమావేశంలో తేలిందో పట్టుకుని, ఆ టర్ము జడ్జిమెంట్ల కట్ట అడగాలి. బానిసలుగా ఉన్నవాళ్ల పేర్లు మాత్రం ఛాన్సరీ పంపకం జాబితాల్లో వయసు, వెలతో సహా కనిపిస్తాయి. వాళ్లు పార్టీలు కారు కాబట్టి యజమాని ఇంటిపేరుతోనే వెతకాలి.

తీర్పుప్రతి: ఆగస్టా ఫైళ్లలో బయటి కౌంటీల వాళ్లూ ఉంటారు. 1802 నుంచి 1831 దాకా ఆగస్టా కౌంటీ ముఖ్య పట్టణం స్టాంటన్‌లో జిల్లా ఛాన్సరీ కోర్టు నడిచింది. పక్క కౌంటీ రైతు దావా ఇక్కడ దొరికితే ఆశ్చర్యపోకండి. 1752కు ముందు కాగితాలైతే ఏడాది మార్చి 25న మొదలయ్యేది, కాబట్టి ‘ఫిబ్రవరి 1749’ మన లెక్కలో 1750.

మడతవెనక: బకింగ్‌హామ్ కౌంటీ లాంటిచోట 1869లో కోర్టే కాలిపోయింది. అక్కడి వీలునామాల, దస్తావేజుల నకళ్లు పక్క కౌంటీల దావాల్లో ఎగ్జిబిట్లుగా (సాక్ష్యంగా జతచేసిన కాగితాలుగా) బతికున్నాయి. ముందు వాటినే వెతకండి.