మెట్ట సేద్యమా, మెట్ల సేద్యమా?

పిల్లల పత్రికకి, దక్షిణ అమెరికాలో ఒకప్పుడు రాజ్యమేలిన ఇంకాల వ్యవసాయం గురించి రాస్తున్నానండీ. పెరూ కొండవాలుల్లో వాళ్లు రాతిగోడలు కట్టి మెట్లుమెట్లుగా పొలాలు చేసుకున్నారు కదా, దాన్ని ‘మెట్ల సేద్యం’ అన్నాను. ప్రూఫులో ‘మెట్ట సేద్యం’ అయి వచ్చింది. అడిగితే ‘రెండూ ఒకటేగా’ అన్నారు. ఒకటేనా?

— ఎలా ఒకటవుతాయండీ! మెట్ట అంటే వాన తప్ప దిక్కులేని మెరక నేల. మా తాతకి మెట్ట అంటే జొన్న, కంది, మబ్బుల కోసం ఎదురుచూపు. ఇంకాల మెట్లలో చాలావాటికి కాలవ నీళ్లుండేవి. వాళ్ల రాజధాని కుస్కో దగ్గర తిపోన్‌లో ఊటనీరు రాతికాలవల్లో మెట్టు నుంచి మెట్టుకి ఇప్పటికీ దిగుతూనే ఉంటుంది.

— ఆ కట్టుబడి కూడా నాలుగు ముక్కలు రాయండి. గోడ కాస్త కొండవైపు వాలి ఉంటుంది. దాని వెనక అడుగున రాళ్లు, వాటిమీద కంకర, ఇసుక, అన్నిటికీ పైన మంచి మట్టి. ఎంత వాన పడ్డా నీరు నిలవదు, గోడ ఉబ్బి కూలదు. పగలు ఎండకి కాగిన రాయి రాత్రి వేడి వదులుతుంది కాబట్టి పైరుకి మంచుదెబ్బ తగ్గుతుంది.

— కొండ సేద్యమే కదా, ‘పోడు’ అంటే సరిపోదా?

— పోడంటే అడవి కొట్టి, కాల్చి, కొన్నేళ్లకి వదిలేసి పోయేది. ఇది అలాంటిది కాదు. మన శ్రీకాకుళం వైపు సవరలు పోడూ చేస్తారు, వాలు మీద రాతికట్లు పేర్చి వరిమళ్లూ చేస్తారు. రెండూ వేరు. నన్నడిగితే ‘మెట్టుమడి’ బాగుంటుంది.

— మడి అనగానే నిలవనీళ్లు, వరి గుర్తొస్తాయి. అక్కడ పండించింది మొక్కజొన్న, ఇంకా పైకెళ్తే బంగాళాదుంప.

— కూరమడిలో నీళ్లు నిలబెడతామా ఏంటి?

— అదీ నిజమే. ఇంకాలు మాట్లాడిన క్వెచువా భాషలో ఆ మెట్టుని ‘పత’ అంటారట. ‘పత’ అని రాస్తే మనవాళ్లు ‘పాత’కి అచ్చుతప్పు అనుకుంటారు!

‘మెట్టుమడి’ ఖాయం చేస్తున్నానండీ, సేద్యాన్ని మాత్రం ‘మెట్ల సేద్యం’ అనే ఉంచుతాను. ఇంకొక్కటి. నాగలి లాగే ఎద్దుల్లేవు వాళ్లకి. కర్రకి కట్టిన అడ్డుపుల్ల మీద కాలేసి తొక్కి నేల పెళ్లగించేవాళ్లు. దాని పేరు చాకితక్ల, ‘చాకి’ అంటే పాదం. ‘కాలినాగలి’ అననా, ‘తొక్కుడు గునపం’ అననా?